దొంగ దొరకని కాలువ

మా ఊళ్లో కాలువ నీళ్లు పంచే నీరటి ఒథ్మార్‌కు చెవులే కళ్లు. కొండ మీది మంచు కరిగి వచ్చే కాలువలో, ఊరికి కాస్త పైన, ఓ చిన్న చక్రం ఉంది. నీళ్లు పారుతున్నంతసేపూ అది ఓ చెక్క సుత్తిని ఎత్తి పలక మీద పడేస్తూ ఉంటుంది. ఆ టక్ టక్ వినబడుతుంటే ఒథ్మార్ నింపాదిగా జున్నూ రొట్టే తింటాడు. ఆగిందా, రొట్టె అక్కడే వదిలేసి పార భుజాన వేసుకుంటాడు. చప్పుడు ఆగితే కాలువకు గండైనా పడి ఉండాలి, దొంగైనా పడి ఉండాలి. వాళ్ల నాన్న నేర్పింది అంతే.

పెళ్లి చేసుకోలేదు. "కాలువను కట్టుకున్నా, ఇంకొకత్తె ఎందుకు?" అనేవాడు. "అది ఒప్పుకునే చేసుకుందా నిన్ను?" అని మా ఆడవాళ్లం ఏడిపించేవాళ్లం. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. అతని నోరు మంచిది కాదు, అయినా ఊరు భరించింది, ఎందుకంటే చెయ్యి మంచిది. మంచు విడవగానే నడుముకు తాడు కట్టుకుని కొండ అంచున వేలాడుతూ కాలువ నీళ్లు పారే చెక్కతొట్లు బాగుచేసేవాడు, చీలికల్లో నాచు కుక్కేవాడు. నీళ్ల వంతు దగ్గర సొంత అక్క ఫిలోమినాకు కూడా చెంబెడు ఎక్కువ ఇచ్చి ఎరగడు.

ఫిలోమినా మొగుడి పేరు అమడే. వాళ్లది నల్లమూతి గొర్రెల మంద, దాని మేతకో పెద్ద గడ్డిమడి. ఊళ్లో అందరికన్నా పాత నీళ్ల వంతు వాళ్లదే. మంచు ఏటేటా పైపైకి జరిగిపోతుంటే, కొన్నేళ్ల కిందట చర్చి ముందు అందర్నీ కూర్చోబెట్టి ఒథ్మార్ అన్నాడు.

"ఉన్నదాంట్లో సర్దుకోవాలి. అందరి వంతులూ కోసేద్దాం. దుంపలకు ముందు, గడ్డికి తర్వాత."

అప్పుడు అమడే లేచాడు.

"నా వంతులో సగం తీసెయ్. బావమరిది నీరటి అయినందుకు నాకు మిగిలిన లాభం ఇదీ."

అందరూ నవ్వారు. ఆయనే సగం వదులుకున్నాక ఇక కాదనడానికి ఎవరికీ మొహం చెల్లలేదు. అందరం కలిసి కాలువ అడుగున బంకమట్టి మెత్తాం. గిన్నెలు కడిగిన నీళ్లు కూడా పారబోయకుండా మడికే పోశాం. మేం చేయగలిగినదంతా చేశాం. ఎవరైనా చేయలేదంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఈ ఆగస్టులో ఓ ఆదివారం ప్రార్థన ముగిసి మేం బయటికి వస్తుంటే సుత్తి ఆగిపోయింది. ఒథ్మార్ పైమలుపు దాకా పరుగెత్తాడు. కాలువలో చుక్క లేదు. పక్కనే అమడే మడి మొదట్లో మాత్రం నేల తడిగా కనిపించింది. అంతే, వెనక్కి వచ్చి చర్చి మెట్ల దగ్గర, అందరి ముందూ బావను నిలదీశాడు.

"గండి ఎప్పుడు కొట్టావు బావా?"

అమడే నోట్లోంచి పొగాకు పైపు తీశాడు. "పొద్దున్నే తాగావా ఏంటి?"

"నీ మడి తడిగా ఉంది. సగం వదిలేసి పెద్దమనిషివి అనిపించుకున్నావు. ఆ సగం చాటుగా లాగేసుకుంటున్నావన్నమాట."

"అవి మీ అక్క గిన్నెలు కడిగిన నీళ్లురా. వెళ్లి వాసన చూడు, జున్ను కంపు కొడతాయి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మా ఊళ్లో హంతకుడి పక్కన కూర్చునైనా తాగుతారేమో కానీ నీళ్లదొంగ పక్కన కూర్చోరు. జనం అమడే దగ్గర్నుంచి మెల్లగా ఎడంగా జరగడం నేను చూశాను. ఫిలోమినా కూడా చూసింది. మొగుడి చెయ్యి పట్టుకుని ఇంటికి నడిచింది.

"కాలువ మొదటిదాకా పోయి చూసి, అప్పుడు వాగు" అన్నాను నేను ఒథ్మార్‌తో.

పోయాడు. దారి పొడుగునా గండి కోసం వెతికాడట. తను కుక్కిన నాచు తనే పీకి మరీ చూశాడట. ఒక్క చోటా పగుల్లేదు. కాలువ మొదటికి చేరితే, నిరుడు మంచు ఉన్న చోట బూడిదరంగు రాళ్లున్నాయి. ఎక్కడో పైనుంచి సన్నని ధార వచ్చి ఆ రాళ్లలోకే ఇంకిపోతోంది. చేతులు బొబ్బలెక్కేదాకా ఆ రాళ్లు తవ్వాడట పిచ్చివాడు.

దిగివచ్చి తిన్నగా అక్క ఇంటికే వచ్చాడు. ఫిలోమినాకు తోడుగా నేనూ అక్కడే ఉన్నాను. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"గండి లేదు బావా. ఎవరూ కొట్టలేదు. పైనే లేవు నీళ్లు."

అమడే లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు.

"తప్పయిపోయింది. నువ్వు దొంగవి కాదని రేపు అందరి ముందూ చెప్తా."

"చెప్పకు" అన్నాడు అమడే. కిటికీలోంచి ఎండిన మడినే చూస్తున్నాడు. "నేనే దొంగనని ఉండనీరా. దొంగనైతే నాలుగు తిట్లు తిని, రేపు పొద్దున్నే నీళ్లు వదిలేసేవాణ్ణిగా."

ఒథ్మార్ గుమ్మంలోనే కూలబడి ఏడ్చాడు.