బేసి తేదీలు

మా వీధి సెలూన్ అతన్ని అందరూ అవునన్న అంటారు. కుర్చీలో కూర్చున్నది ఎవరైనా, మాట్లాడేది ఏదైనా, "అవునన్నా" అనడం అతని అలవాటు. చివరికి ఆ మాటే అతనికి పేరై కూర్చుంది. పదింటికి ప్రభుత్వాన్ని దుమ్మెత్తిపోసేవాడు వస్తాడు, పదిన్నరకు అదే ప్రభుత్వాన్ని ఆకాశానికెత్తేవాడు వస్తాడు. ఇద్దరూ నున్నటి బుగ్గలతో, తన మాటే నెగ్గిందన్న తృప్తితో వెళతారు. గోడమీద పిల్లిలా ఉంటావేమిటని ఒకసారి అడిగాను. అతను నవ్వి, తనకు పని నేర్పిన మేనమామ మాట చెప్పాడు. చేతిలో కత్తి ఉన్నవాడికి పార్టీ ఉండకూడదట. ఉందని తెలిస్తే ఎదుటివాడు నిశ్చింతగా మెడ చాపలేడట.

నేను ఒకప్పుడు టైపు స్కూలు నడిపాను. కంప్యూటర్లు వచ్చాక మిషన్లు తుక్కుకి పోయాయి, మాస్టారు అన్న పిలుపొక్కటీ నాకు మిగిలింది. ఇంట్లో నేను వార్తల గురించి నోరు తెరిస్తే చాలు, మా ఆవిడకు పొయ్యి మీద ఏదో గుర్తొస్తుంది. అందుకే వారానికి మూడుసార్లు గెడ్డం గీయించుకుంటాను. నిజానికి గెడ్డం అంత జోరుగా పెరిగే వయసు కాదు నాది. కుర్చీలో వెనక్కి వాలి, మెడ చుట్టూ గుడ్డ కట్టించుకుని, దేశం ఎలా నడవాలో చెబుతాను. అవునన్న తలూపుతాడు. ఇరవై ఏళ్ళుగా నా మాట అర్థం చేసుకున్నవాడు ఇతనొక్కడే అనుకుంటూ వచ్చాను.

అదెంత వెర్రిబాగులతనమో ఒక ఉదయం తెలిసింది. ఆ రోజు రక్త పరీక్షకు వెళ్ళాల్సి ఉండి ఏడింటికే సెలూన్‌కి వెళ్ళాను. షట్టర్ సగమే లేచి ఉంది. లోపల ఎవరో గొంతు చించుకుంటున్నారు. వంగి చూస్తే అవునన్నే! అద్దం పక్కన మేకుకి రబ్బరు బ్యాండుతో ఫోను తగిలించి, స్పీకరు పెట్టి, నిన్నటి వెంట్రుకలు ఊడుస్తూ, ఆ ఫోనుతో పోట్లాడుతున్నాడు. కాదు, నీ మొహం, నీకేం తెలుసు. ఆ నోట్లోంచి అలాంటి మాటలు వస్తాయని నాకు కలలో కూడా తోచలేదు. నన్ను చూడగానే తేలుకుట్టిన దొంగలా గప్‌చుప్ అయిపోయాడు.

తర్వాత అంతా చెప్పాడు. అవతల ఉన్నది అతని చిన్ననాటి స్నేహితుడు. పెళ్ళిళ్ళు కాకముందు ఇద్దరూ ఒకే గదిలో పదకొండేళ్ళు ఉన్నారట. ఇద్దరికీ కలిపి ఒకే పేపరు. రాజకీయాల పేజీ ముందు ఎవరు చదవాలన్న దాని మీద రోజూ కుస్తీ. ఎవరు గద్దెనెక్కినా ఆ స్నేహితుడు వాళ్ళకు ఎదురే, కాబట్టి అవునన్న అతన్ని ప్రతిపక్షం అని పిలుస్తాడు. ప్రతిపక్షం పరదేశం వెళ్ళి ఇరవై రెండేళ్ళయింది. మొదట హోటల్లో గిన్నెలు కడిగాడు, ఇప్పుడు ఒక ఊళ్ళో సిటీ బస్సు నడుపుతున్నాడు. మనకు ఉదయం ఏడయ్యేసరికి అక్కడ అతను డ్యూటీ దిగి, గదికి చేరి, బూట్లు విప్పుతుంటాడు.

ఫోనుకి ఒక పద్ధతి పెట్టుకున్నారు. బేసి తేదీల్లో అవునన్న చేయాలి, సరి తేదీల్లో ప్రతిపక్షం చేయాలి. తేదీ మాత్రం మన క్యాలెండర్‌దే. ముప్పై ఒకటో తారీఖున్న నెల వస్తే, ఆ మర్నాడు ఒకటి కాబట్టి, రెండు రోజులూ వరసగా అవునన్న వంతే. ఇదేం అన్యాయమని సణుగుతాడు కానీ ఒక్కసారీ తప్పింది లేదు. అతని భార్య పోయిన వారంలో కూడా మాట్లాడుకున్నారట. ప్రతిపక్షం ఓదార్పు మాట ఒక్కటీ అనలేదట. కొత్త బడ్జెట్‌ని అరగంట చెడతిట్టాడట. మధ్యలో ఇద్దరూ ఏడ్చారట.

ఇప్పుడు అవునన్న సెలూన్ వెనక గదిలో ఒక్కడే ఉంటాడు. ఒక మంచం, ఒక స్టవ్వు, తాడు మీద ఆరేసిన తువ్వాళ్ళు. కూతురు ఆదివారం ఆదివారం ఫోను చేసి మందులు వేసుకున్నావా నాన్నా అని అడుగుతుంది. రోజంతా అందరికీ తలూపే మనిషికి తనదైన అభిప్రాయం అంటూ ఉండేది ఉదయం ఆ అరగంటే.

నాకు ముందు కడుపు మండింది. ఇన్నేళ్ళూ నా ఎదుట తలూపి, నా వెనక ఇంకొకరితో నిజం మాట్లాడతాడా? అయినా సిగ్గు విడిచి ఏడింటికే వెళ్ళడం మొదలుపెట్టాను. ముఖాన నురగ పూయించుకుని వాళ్ళ గొడవ వినేవాణ్ణి. ప్రతిపక్షానికీ నా సంగతి తెలిసింది. "కుర్చీలో మాస్టారున్నారా?" అని అడిగేవాడు. రెండు దేశాల మంత్రులనూ కలిపి ఉతికి ఆరేసేవాళ్ళు. మా ఇంటి కంటే ఆ సెలూన్‌లోనే సందడిగా ఉండేది.

ఎన్నికలు దగ్గరపడ్డాయి. బయటి దేశాల నుంచి మన దగ్గరికి పని కోసం వచ్చినవాళ్ళను తిప్పి పంపిస్తామని ఒక పార్టీ బయలుదేరింది. నేను దాన్ని నెత్తికెత్తుకున్నాను. "ఇంటికి తాళం వేసుకునే హక్కు ఇంటివాడికి లేదా?" అన్న వాక్యం కూడా ఒకటి తయారుచేసుకుని నెల రోజులుగా కుర్చీలో వాయించాను. అవునన్న ఎప్పటిలాగే అవును అన్నాడు. ఈసారి ఆ అవును నిజమైనదని అప్పటికి నాకు తెలియదు.

ముప్పై ఒకటో తారీఖు. నా చెంప మీద బ్రష్షు తిప్పుతూ, ఫోనులో ప్రతిపక్షంతో అచ్చంగా ఆ వాక్యమే అన్నాడు. నా మాట సముద్రాలు దాటుతోందని పొంగిపోయాను.

ప్రతిపక్షం అన్నాడు. "నేనూ ఇక్కడ బయటివాణ్ణేరా. మా బస్సు డిపోలో టీవీ కూడా ఇదే అంటోంది."

"నీ సంగతి వేరు."

"ఎలా వేరు?"

 జవాబు లేనప్పుడు మనిషికి కోపం వస్తుంది కదా, అవునన్నకూ వచ్చింది. "నీకు ఇక్కడ ఓటే లేదు. మా దేశం గొడవ నీకెందుకు?"

అది నిజమే. ఏళ్ళ తరబడి ఊళ్ళో లేడని ఇక్కడి ఓటర్ల జాబితాలో పేరు కొట్టేశారు. అక్కడ పని చేసుకోనిచ్చారు గానీ ఓటు ఇవ్వలేదు.  అవునన్న నురగ అంటిన వేలితోనే ఫోను కట్ చేశాడు. నేను ఆ పూట గెలిచినవాడిలా ఇంటికెళ్ళాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

మర్నాడు ఒకటి, అవునన్న వంతు. చేయలేదు. రెండో తారీఖు వాడే చేస్తాడులే, వాడు ఉండలేడు అన్నాడట కూతురితో.

నిజంగానే రెండో తారీఖు ఏడింటికి ఫోను మోగింది. నేను కుర్చీలోనే ఉన్నాను. ప్రతిపక్షం మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగాడు. కూతురు కులాసాయేనా అని అడిగాడు. అవునన్న పేపర్లో పతాక శీర్షిక చదివాడు. "అవునా" అన్నాడు ప్రతిపక్షం. ఇంకొకటి చదివాడు. "అవును, నిజమే" అన్నాడు. రెండు నిమిషాల్లో జాగ్రత్తగా ఉండమని చెప్పి పెట్టేశాడు.

అప్పటి నుంచీ అంతే. సరి తేదీల్లో ఏడంటే ఏడింటికి ఫోను వస్తుంది. బేసి తేదీల్లో ఇతను చేస్తే మొదటి మోతకే ఎత్తుతాడు. తప్పు పట్టడానికి వీల్లేదు. అవునన్న రెచ్చగొట్టి చూశాడు. ప్రతిపక్షానికి బొత్తిగా గిట్టని మంత్రిని పట్టుకుని దేవుడంతటివాడు అన్నాడు. "అవును, మంచి మనిషే" అని అవతలి నుంచి వచ్చింది. అవునన్న ఫోను వైపు చూస్తూ నిలబడిపోయాడు. నా ముఖానికి పటిక రుద్దడం కూడా మరిచిపోయాడు.

"కుర్చీలో కూర్చున్నవాళ్ళతో నేను మాట్లాడినట్టు వాడు నాతో మాట్లాడుతున్నాడు మాస్టారూ" అన్నాడు. "ఒంట్లో ఎలా ఉందని అడగడానికి నాకు కూతురుంది. నువ్వు తప్పురా అనేవాడు వాడొక్కడే."

క్షమించమని అడగరాదా అన్నాను. అడిగాడట, అదీ అయిందట. అయ్యో, అందులో ఏముంది, నువ్వన్నది నిజమే కదా అన్నాడట ప్రతిపక్షం. అలాంటి అవునుకు ఎంత విలువో ఊళ్ళో అందరికంటే అవునన్నకే బాగా తెలుసు. ఆ నెలలో మనిషి చిక్కిపోయాడు. ఉదయం పేపరు మడత విప్పకుండానే అద్దం కింద పడేసేవాడు. నాకూ ఆ కుర్చీలో మాటలు రావడం తగ్గిపోయింది.

పోలింగు రోజు సెలూన్‌కి సెలవు. మర్నాడు బేసి తేదీ. ఏడింటికల్లా నన్ను కూర్చోబెట్టి, నురగ పూసి, ఒక చెంప గీసి, అప్పుడు ఫోను చేశాడు. క్షేమసమాచారాలు అయ్యాయి. అవునన్న గొంతు సవరించుకున్నాడు.

"నిన్న ఆ పంపించేసేవాళ్ళకు కాదు, వాళ్ళకు ఎదురు నిలబడ్డ నీ పార్టీకి వేశానురా. నీకు ఓటు లేదన్నాను కదా. నాది నీకిచ్చాను."

అవతల బూటు ఒకటి నేల మీద పడిన చప్పుడు. 

"వాళ్ళు చెప్పింది సబబని తోచి వేశావా?" అన్నాడు ప్రతిపక్షం.

"లేదు. నీకోసం వేశాను."

"బుద్ధుందట్రా నీకు?" నెలన్నర తర్వాత ఆ గొంతులో మళ్ళీ కోపం. అవునన్న ముఖం అద్దంలో వెలిగింది. నేను చూశాను. "అది నీ ఓటూ కాదు, నా ఓటూ కాదు. నాకు ఎలాగూ లేదు. ఉన్న ఒక్కటీ నువ్వు పారేసి వచ్చావు. ఇప్పుడు ఇద్దరికీ లేదు."

"పోనీలేరా."

"పోనీ అంటే కుదరదు. నువ్వు అడ్డంగా వాదించి, చివరికి వెళ్ళి నీ పార్టీకి వేసొస్తే నేను ఊరుకునేవాణ్ణి. ఆ రోజు సగంలో కట్ చేశావు. నేనడిగినదానికి ఇప్పుడు చెప్పు." అతని గొంతు నెమ్మదించింది. "మమ్మల్ని ఎందుకు పంపించేయాలంటావు?"

 అవునన్న కత్తి నా గెడ్డం కింద ఆగింది. అతను అద్దంలో నా కళ్ళలోకి చూశాడు. ఆ వాక్యం నాది, జవాబు కూడా నా దగ్గరే ఉంటుందనుకున్నాడు.

"మాస్టారున్నారా అక్కడ?" అన్నాడు ప్రతిపక్షం.

"ఉన్నారు" అన్నాడు అవునన్న.

ఇద్దరూ నా జవాబు కోసం ఆగారు. ఒక చెంప మీద నురగ ఆరిపోతోంది. ఆ తాళం వాక్యం తప్ప నా దగ్గర ఇంకేమీ లేదు.