ఆ అమ్మాయి పేరున ఉన్న నంబర్లు

వికారాబాద్ జిల్లా అయిన కొన్నేళ్లకు, కరోనా తగ్గుముఖం పట్టిన తరువాతి వానాకాలంలో నన్ను అక్కడి స్పెషల్ బ్రాంచికి ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. సర్వీసులో అదే నా ఆఖరి పోస్టింగు. స్పెషల్ బ్రాంచి అనగానే జనం మారువేషాలు ఊహించుకుంటారు గానీ మా రోజులో సగం వెరిఫికేషన్లకే పోయేది. పాస్‌పోర్టుకో ప్రభుత్వ ఉద్యోగానికో దరఖాస్తు పెట్టుకున్నవారి నడవడి ఎలాంటిది, కేసులేమైనా ఉన్నాయా అని విచారించి రిపోర్టు పంపడం మా పని. మామూలుగా హెడ్ కానిస్టేబుల్ ఠాణా రికార్డు చూస్తాడు, ఊరికి వెళ్లి ఇరుగుపొరుగును అడుగుతాడు, ‘అభ్యంతరకరమైనదేదీ తెలియరాలేదు’ అని రాస్తాడు. నేను సంతకం పెట్టి ఎస్పీగారికి పంపుతాను.

ఆ ఏడు వచ్చిన ఒక ఫైలు మాత్రం ఇన్‌స్పెక్టర్ స్వయంగా చూడాలన్న సూచనతో వచ్చింది. కంప్యూటర్ భద్రతలో ఎం.టెక్. చేసే విద్యార్థులకు ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్ అది. చదువు ఖర్చంతా సర్కారే భరిస్తుంది. బదులుగా చదువయ్యాక కొన్నేళ్లు సర్కారు శాఖల్లో పనిచేయాలి. ఆస్పత్రులు, కరెంటు, ఖజానా, వీటి కంప్యూటర్లలోకి బయటివాళ్లు చొరబడకుండా కాపు కాయడమే ఆ పని. తాళంచెవులు చేతికిచ్చే ముందు మనిషిని చూసుకోవాలి కదా. అందుకే ఆ పట్టింపు.

అభ్యర్థి పేరు స్వరూప. పెద్దేముల్ మండలంలో చిన్న ఊరు. గొర్లకాపరుల కుటుంబం. తండ్రి బీరయ్య మంద వెంట కర్ణాటక వైపు వెళితే నెలల తరబడి ఇంటికి రాడు. తల్లి సాయమ్మ కూలికి పోతుంది. ఆ ఊరి నుంచి హైదరాబాదు పోయి ఇంజినీరింగు చదివిన మొదటి ఆడపిల్ల ఈమే, అక్కడే ఎం.టెక్.లో చేరింది.

రికార్డు చూడమంటే మా హెడ్ కానిస్టేబుల్ ఒక నోటీసు తెచ్చి నా ముందు పెట్టాడు. సరిహద్దు అవతలి కర్ణాటక పోలీసులు పంపినది. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నానని నమ్మించి, రిటైరైన ఉపాధ్యాయుడొకరి ఖాతా ఎవరో ఊడ్చేశారు. ఫోను వచ్చిన నంబరు ఎవరిదో చూస్తే స్వరూప ఆధార్ మీద, స్వరూప వేలిముద్రతో తీసిన సిమ్ కార్డు. కంపెనీని అడిగితే, దరఖాస్తులో ఆమె రాసిన సొంత నంబరు కాక, ఆమె పేరున ఇంకో నంబరూ నడుస్తోందన్నారు. ఈ రెండు నంబర్లూ దరఖాస్తులో లేవు.

కంప్యూటర్ల తాళాలు ఎలా తీస్తారో నేర్చుకుంటున్న పిల్ల. ఆమె పేరున దొంగఫోను. ఊరికి బయలుదేరేటప్పటికే నా మనసులో రిపోర్టు సగం తయారైంది.

ఊళ్లో మొదట పక్కింటి భూస్వామి రాంరెడ్డిని కలిశాను. ఆయన కుర్చీ వేయించి నిదానంగా మొదలుపెట్టాడు. ఆ పిల్ల నడత మీద తానేమీ అనలేనన్నాడు. అనలేనంటూనే, సెలవులకు వచ్చినప్పుడల్లా తాండూరు పోతుందని, ఎందుకు పోతుందో ఎవరికీ తెలియదని చెప్పాడు.

“గా పిల్ల కంప్యూటర్లల్ల దూరుడు నేర్సుకుంటున్నదంట గద సారు. దొంగతనం నేర్వనీకి సర్కారే పైసలిస్తదా?” అన్నాడు చివరికి.

స్వరూప ఇంట్లోనే ఉంది. నేను పేరు, హోదా చెప్పగానే కార్డు చూపించమంది. చూపించాను. ఒక్క నిమిషమని చెప్పి వాకిట్లోకి వెళ్లి, వికారాబాద్‌లోని మా ఆఫీసుకు ఫోను చేసి, ఆ పేరుతో ఇన్‌స్పెక్టర్ ఉన్నాడా, ఇవాళ పెద్దేముల్ వైపు వచ్చాడా అని కనుక్కుని గానీ నన్ను కూర్చోమనలేదు. సర్వీసంతా నేను జనాన్ని అనుమానించాను. నన్ను అనుమానించి ఆరా తీసిన అభ్యర్థి ఈమె ఒక్కతే.

నీ పేరున ఎన్ని నంబర్లున్నాయని అడిగాను. ఒక్కటే అంది. మిగతా రెండు నంబర్లు చదివి, వాటిలో ఒకదానితో జరిగిన మోసం చెప్పాను. సంగతి తెలియని మనిషి ఇలాంటి మాట వింటే ఉలిక్కిపడుతుంది. ‘నాదా? నా పేరున ఎట్లుంటది?’ అంటుంది. ఈ అమ్మాయి ఉలిక్కిపడలేదు. గడపలో కూర్చున్న తల్లి వైపు ఒక్కసారి చూసి తల దించుకుంది. సిమ్ ఎక్కడ తీసుకున్నావంటే, తాండూరులో, ఏ దుకాణమో యాదికి లేదంది. ఆ పిల్ల మార్కుల జాబితా నా ఫైల్లోనే ఉంది. అంత జ్ఞాపకశక్తి గలవాళ్లకు దుకాణం గుర్తులేకపోవడమా?

ఫోను ఒకసారి ఇటివ్వమన్నాను.

“ఇయ్య సార్. కోర్టు కాయిదం తీస్కరండ్రి, ఇస్త.”

చట్టప్రకారం ఆమె అన్నది సరైనదే. కానీ చట్టం తెలిసి దాని చాటున నిలబడేవాళ్లను మా వృత్తిలో మరింత గట్టిగా చూస్తాం. లేచి వచ్చేశాను.

ప్రతికూల రిపోర్టంటే ఆ ఏడాది స్కాలర్‌షిప్ పోవడం ఒక్కటే కాదు. అది ఫైల్లో ఉండిపోతుంది. తరువాత ఏ సర్కారు కొలువుకు పోయినా మళ్లీ అదే పైకి తేలుతుంది. అందుకని రాసే ముందు మరోసారి ఊరికి వెళ్లాను. స్వరూప హాస్టలుకు వెళ్లిపోయింది. సాయమ్మ ఒక్కతే ఉంది. మంచం వాల్చి, మంచినీళ్లిచ్చింది. నేను లేవబోతుంటే అడిగింది.

“సారూ, ఏలు రెండుమాట్ల వెడ్తె తప్పా?”

ఏ వేలమ్మా అన్నాను. సిమ్ తీసుకునేటప్పుడు మిషను మీద పెట్టే వేలు. తాండూరులో ఆమె తమ్ముడు మల్లేశానికి ఫోన్ల దుకాణం ఉందట. వాడకట్టు వాడకట్టంతా అక్కడే సిమ్‌లు తీసుకున్నారట. “మిషన్ల పడలే, ఇంకోమాటు వెట్టక్కా అన్నడు. మా బిడ్డ మూడుమాట్ల వెట్టింది, నేను గట్లనే వెట్టిన. అందరు వెట్టిండ్రు” అంది.

సిమ్ కార్డుకు వేలిముద్ర ఒక్కసారి చాలు. పడలేదని చెప్పి మళ్లీ పెట్టించుకుంటే ఆ రెండో ముద్రతో అదే మనిషి పేరున ఇంకో కార్డు లేస్తుంది. అలాంటి కార్డులను మోసగాళ్లు మంచి ధరకు కొంటారు. సాయమ్మ ఆ ప్రశ్న అమాయకంగా అడిగిందో, కూతురు చెప్పలేనిది తాను ఇలా చెప్పిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె ముఖంలో ఏదీ కనిపించలేదు.

మరునాడు మామూలు బట్టలతో తాండూరు వెళ్లాను. నాపరాయి దుమ్ముతో తెల్లబడిన బజారులో మల్లేశం దుకాణం శుభ్రంగా ఉంది. ఒకరితో కన్నడంలో, మరొకరితో ఉర్దూలో, నాతో తెలుగులో ఎంతో మర్యాదగా మాట్లాడాడు. గల్లాపెట్టె వెనక గోడకు పట్టా అందుకుంటున్న స్వరూప ఫోటో పటం కట్టి ఉంది. ఎవరని అడిగితే అతని ముఖం వెలిగింది.

“మా అక్క బిడ్డ. నేనే సదివిచ్చిన. రేపు సర్కార్ల పెద్ద నౌకరీ వస్తది” అన్నాడు.

ఆ గర్వంలో నటన లేదు. కొత్త సిమ్ కావాలని నా ఆధార్ ఇచ్చాను. మిషను మీద వేలు పెట్టాను. అతను తెర వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

“పడలే పెద్దాయనా. జర తుడ్సుకొని ఇంకోమాటు వెట్టుండ్రి.”

తుడుచుకుని పెట్టాను. కంపెనీకి రాసి వివరాలు తెప్పించుకుంటే నేను కొన్నది కాక మరో కొత్త నంబరు నా పేరున లేచి ఉంది.

స్వరూపను వికారాబాద్ పిలిపించాను. మహిళా కానిస్టేబుల్‌ను పక్కన కూర్చోబెట్టి, దుకాణంలో జరిగింది చెప్పాను. ఈసారి ఆమె దాచలేదు. ఎవరి పేరున ఎన్ని నంబర్లున్నాయో చూపే సర్కారు వెబ్‌సైటులో తన పేరు ఊరికే చూసుకుంటే సంగతి బయటపడిందట. ఆ తరువాత తాండూరు వెళ్లినప్పుడల్లా మామతో ఆ పని మానమని కొట్లాడిందట. మానేశానని అతను ఒట్టు పెట్టాడట.

“నన్ను బడికి సైకిల్ మీద తీస్కపోయింది ఆయన సార్. కాలేజీల చేర్పిచ్చింది ఆయన. ఫోన్ల ఆయన మాట్లాడినయి రికార్డయి ఉన్నయి. గందుకే ఇయ్యలే.”

నేను దాపరికం లేకుండా చెప్పాను. నీకు ముందే తెలుసన్నది నా రిపోర్టులో ఎలాగూ ఉంటుంది. మామ మీద కేసు కూడా ఎలాగూ అవుతుంది. సాక్షిగా వాంగ్మూలం ఇవ్వాలా వద్దా అన్నది నీ ఇష్టం. ఇస్తే స్కాలర్‌షిప్ వస్తుందని నేను మాట ఇవ్వలేను.

డబ్బు పోయిన ఆ ఉపాధ్యాయుడికి ఇప్పుడెలా గడుస్తోందని అడిగింది. కూతురి ఇంట్లో ఉంటున్నాడని విన్నానన్నాను. అప్పుడు సంచిలోంచి ఫోను తీసి బల్ల మీద పెట్టింది.

“రాస్కోండ్రి సార్” అంది.

రిపోర్టులో ‘అభ్యంతరకరమైనదేదీ లేదు’ అనీ రాయలేదు, ‘ప్రతికూలం’ అనీ రాయలేదు. అభ్యర్థి మోసపోయిన మనిషి. మోసం తెలిసీ కొంతకాలం దాచింది. అడిగినప్పుడు మొదట అబద్ధం చెప్పింది. తరువాత సొంత మేనమామ మీద సాక్ష్యం ఇచ్చింది. జరిగింది జరిగిన వరుసలో రాసి, తీర్పు పైవాళ్లకు వదిలేశాను. స్కాలర్‌షిప్ కమిటీ ఆ ఏడు ఆమెను ఆపింది. ఆమె చదువు ఆపుకుని, పెద్దేముల్‌లో పిల్లలకు ట్యూషన్లు చెబుతూ గడిపింది. చార్జిషీటులో ఆమె పేరు సాక్షుల్లో చేరాక, మరుసటి ఏడు మంజూరు చేశారు.

మల్లేశం జైలుకు వెళ్లాడు. అతని ద్వారా సరిహద్దు అవతల కార్డులు కొనే ముఠా కూడా దొరికింది. సాయమ్మ ఇంటి ముందు మల్లేశం భార్య నిలబడి దుమ్మెత్తి పోసిందని, ఆనాటి నుంచి ఆ రెండిళ్ల మధ్య పెళ్లికీ చావుకూ రాకపోకలు లేవని విన్నాను. సాయమ్మ మాత్రం తమ్ముడిని చూడటానికి జైలుకు వెళ్లేదట. ఆమెను కలవడానికి అతను గదిలోంచి బయటికి వచ్చేవాడు కాదట.

రిటైరైన తరువాత ఒకసారి స్వరూప కనిపించింది. ప్రభుత్వ శాఖలో చేరి ఏడాది దాటింది. ఇద్దరం రైలు కోసం వికారాబాద్ స్టేషన్లో కూర్చున్నాం. సర్వీసులో అడగకుండా మిగిలిపోయిన ప్రశ్న అప్పుడు అడిగాను. మీ అమ్మ ఆ మాట అనకపోతే, నేను దుకాణానికి పోకపోతే, నువ్వు ఎప్పటికైనా చెప్పేదానివా?

“చెప్తుంటినో లేదో నాకే ఎరుక లేదు సార్” అంది.

చెప్పేదాన్నని తేలిగ్గా అనేయవచ్చు. అనలేదు. వెరిఫికేషన్‌లో మేం మచ్చలేని మనిషి కోసం వెతుకుతాం. అలాంటి మనిషి నాకు తగల్లేదు. ఎవరైనా ఒక సంగతి దాస్తున్నారని తేలినప్పుడు విచారణ సగమే అయినట్టు. ఎవరి కోసం దాస్తున్నారో తేలేదాకా రిపోర్టు మీద సంతకం పెట్టకూడదు.