కొత్త బంతి ఎవరి చేతికి

కూర్చో. అలా మంచం అంచున కాదు, సరిగ్గా కూర్చుని విను. ఆ ఫోను బోర్లా పెట్టు. రాసుకుంటానని నువ్వే అన్నావు కాబట్టి నేను చెప్పింది చెప్పినట్టు రాయి, మధ్యలో నీ సొంతం కలపకు. ఇందాక టీవీలో ఆట ఇంకా మొదలే కాలేదు, కోట్లు వేసుకున్న ఇద్దరు కూర్చుని, ఈ పక్క మొదటి బంతి వేసేవాడు ఇలాంటివాడు, ఆ పక్కవాడు అలాంటివాడు అని ఎంతసేపు చెప్పుకున్నారో చూశావు కదా. నువ్వేమో టిఫిను పళ్ళెంలో చెయ్యి పెట్టి తినడం మర్చిపోయావు. నాకు నవ్వొచ్చింది. ఆ పని నేను పరికిణీలు కట్టుకునే రోజుల్లో మా కోటబొమ్మాళిలో, మా ఇంటి వీధి అరుగు మీద జరిగేది. కోట్లు లేవంతే. ఎండాకాలం కదా, సగం మందికి చొక్కాలు కూడా ఉండేవి కావు.

అరవైల చివర అనుకో. కోతలైపోయి, మినుములు కూడా ఇంటికి చేరాక స్టేషను వెనక మళ్ళన్నీ ఖాళీగా ఉండేవి. ఒక పెద్ద మడిలో వరి దుబ్బులు చెక్కించి, నీళ్ళు జల్లి, మధ్యలో కొబ్బరిపీచు చాప పరిచి నాలుగు పక్కలా మేకులు కొడితే అదే మా గ్రౌండు. ఆ చాప మా మావయ్యది. మావయ్యంటే మా మేనత్త భర్త, ఊరికి ప్రెసిడెంటు, మా నాయనమ్మకి ఒక్కగానొక్క అల్లుడు. చాప ఆయనది, మధ్యాహ్నం భోజనాలు ఆయనవి, కాబట్టి టీము కూడా ఆయనదే. పుట్టి బుద్ధెరిగి బ్యాటు పట్టుకున్న మనిషి కాదు గానీ, ఆట ముందురోజు సాయంత్రం అరుగు మీద కూర్చుని ఆయన తేల్చిందే తీర్పు.

ఆ ఏడు శ్రీకాకుళం టౌను వాళ్ళతో ఆట. వాళ్ళ తరఫున కొత్త బంతి వేసేది ఒక పొడుగాయన. ఆయన గురించి అరుగు మీద మాటలు నేను తలుపు పక్క నిలబడి వినేదాన్ని. పరుగెత్తుకు రావడానికి గట్టు దాటి పక్క మడిలోకి వెళ్ళి నిలబడతాడట. బంతి తగిలి పోయినేడు ఒకడికి పన్ను ఊడిందట. ఆ పన్ను సంగతి నోళ్ళు మారిన కొద్దీ పళ్ళు పెరిగాయి, దీపాలు పెట్టే వేళకి పాపం ఆ మనిషి నోట్లో ఒక్కటీ మిగల్లేదు. "ఊపిరి తక్కువరా ఆడికి. రెండు ఓవర్లు ఎయ్యనీ, ఎద్దునాగ రొప్పుతాడు సూడు," అని మావయ్య ధైర్యం చెప్పాడు. ఆయన కూడా ఆ పొడుగాయన్ని ఎప్పుడూ చూడలేదు.

మా వైపు కొత్త బంతి మా చిన్నాన్నది. మా నాన్నకి తమ్ముడు, సన్నగా ఉండేవాడు, ఎడమచేతి వాటం. ఆయన బంతి పెద్ద వేగంగా వచ్చేది కాదు. మన ఇంటికే వస్తున్నట్టు తిన్నగా వచ్చి, గడప దగ్గర మనసు మార్చుకుని పక్కింటికి పోయే చుట్టం ఉంటాడే, అలా తిరిగిపోయేది. ఆ ఎడమ చేతిని మాన్పించడానికి మా నాయనమ్మ చిన్నప్పుడు ఎంత పాటుపడిందో. అన్నం దగ్గర పాత చీరపేలికతో ఆ చేతిని నడుముకి కట్టేసేదట. తినడం, రాయడం, ఒకరికి ఇవ్వడం, ఒకరి దగ్గర పుచ్చుకోవడం, అన్నీ కుడి చేతికి మార్చింది. బంతి ఒక్కటే ఎడమ చేతికి మిగిలింది. ఆడపిల్లనైనా నాకు ఇదంతా ఎలా తెలుసంటే, కళ్ళంలో ఆయన బంతులు వేస్తుంటే అవతల నిలబడి ఏరి విసిరేదాన్ని నేనే.

ఆట రెండు రోజులుందనగా స్టేషను మాస్టరు ఒక కబురు మోసుకొచ్చాడు. వాల్తేరులో రైల్వే టీముకి కొత్త బంతి వేసేవాడు కావాలట. ఆ టీము చూసుకునే ఆయన పొద్దున్న పాసింజరుకి దిగి, రెండు జట్ల బౌలర్లనీ చూసి, సాయంత్రం పాసింజరుకి వెళ్ళిపోతాడట. ఇద్దరిలో ఒకణ్ణి తీసుకుంటాడట. తీసుకుంటే ఉద్యోగమే. చిన్నాన్న స్కూలు చదువు అయిపోయి రెండేళ్ళుగా ఊరికే ఉన్నాడు. ఉన్న పొలం మా నాన్న ఒక్కడికే చాలడం లేదు. వచ్చే నెల నుంచి మావయ్య బియ్యం మిల్లులో బస్తాల దగ్గర నిలబడాలని అప్పటికే మాటైపోయింది. బావ దగ్గర పని చెయ్యడం చిన్నాన్నకి చచ్చేంత సిగ్గు. కబురు విన్న సాయంత్రం ఆయన అన్నం తినలేదు, బంతిని పట్టుకుని పెరట్లో తిరుగుతూనే ఉన్నాడు.

ఇక ఆట ముందురోజు అరుగు మీద మాటలు చూడాలి. ఆ పొడుగాయన్ని తీసుకుంటాడా, మా వాణ్ణా? మాటలు అలా సాగుతుండగా మావయ్య ఉన్నట్టుండి గొంతు సవరించుకున్నాడు. "అంతా బాగున్నాది గానీ, పెద్ద ఆయనెవరో వస్తంటే మొదటి బంతి ఎడం సేత్తోనా? ఇత్తనాల మొదటి గుప్పిడి ఎడం సేత్తో జల్లుతామేటి ఎవరమైనా? మొదటి ఓవరు ఇంకెవరి సేతైనా ఎయ్యించండి." చిన్నాన్న మొహం మాడిపోయింది. "ఆయన సూడ్డానికి వస్తన్నదే కొత్త బంతిని గదా బావా," అన్నాడు. "నాను ఆట మానమన్నేదురా. సెయ్యి మార్సమన్నాను," అన్నాడు మావయ్య. చాప ఆయనది కదా, ఇంకెవరూ నోరెత్తలేదు.

మా నాయనమ్మ తలుపు వెనక ఉంది. అల్లుడి ఎదుటికి అత్తగారు రావడం, మొహం చూసి మాట్లాడటం మా ఇళ్ళల్లో లేదు. ఆయనతో ఏం చెప్పాలన్నా మధ్యలో నేను. ఆవిడ మాట ఆయనకి స్పష్టంగా వినపడుతుంది. అయినా విననట్టు కూర్చునేవాడు. నేను మళ్ళీ చెప్పాక అప్పుడే విన్నట్టు తలూపి, జవాబు నాకు చెప్పేవాడు. "ఒసే, మీ మావయ్యకి సెప్పు," అంది నాయనమ్మ. "మొదటి గుప్పిడి కుడి సేత్తో జల్లితే సాలు. మడంతా కుడి సేత్తోనే జల్లాలని ఎవడూ అన్నేదు. ఒక్క బంతి కుడి సేత్తో ఎయ్యమను. మిగతావి ఆడిష్టం." నేను అప్పజెప్పాను. మావయ్య తలూపి, "మీ నాయనమ్మతో సెప్పు, బాగానే ఉన్నాదని," అన్నాడు. అంపైరుగా ఉండే డ్రిల్లు మాస్టారు కూడా, చెయ్యి మార్చే ముందు తనకి చెబితే తప్పులేదన్నారు. అలా అందరూ కుదురుకుని మళ్ళీ పన్ను కథలోకి వెళ్ళిపోయారు.

మర్నాడు తెల్లారగట్ల కళ్ళంలో కుడి చేత్తో వెయ్యడం నేర్చుకున్నాడు చిన్నాన్న. ఒక బంతి గడ్డివాములోకి దూరింది. ఒకటి పిడకల గోడకి తగిలి నాలుగు పిడకలు రాలగొట్టింది. "సిన్నాన్నా, నువ్వెటు ఎయ్యాలనుకుంతన్నావో సెప్పు, అటు కాకుండా నిలబడతాను," అన్నాను. ఆయన నవ్వలేదు.

ఆ పొద్దున్నే రైల్వే ఆయన పాసింజరు దిగాడు. తెల్ల ప్యాంటు, చేతిలో సంచి, తక్కువ మాటలు. తిన్నగా గ్రౌండుకి పోదామన్నాడు. మావయ్య ఊరుకుంటాడా? "ఆట ఎక్కడికి పోతాది బాబూ, ముందు టిఫిను సెయ్యండి," అని ఇంటికి లాక్కుపోయాడు. ఇంట్లో మా అత్త గారెలు, పాకం గారెలు, పెరుగులో నానేసిన గారెలు చేసి కూర్చుంది. అవన్నీ ఒక మనిషి చేత తినిపించకుండా వదిలిపెట్టడం మర్యాద కాదు కదా.

ఇక్కడ ఆట మొదలైపోయింది. నేనూ నాయనమ్మా గట్టు పక్కన మా ఎడ్లబండి నీడలో కూర్చున్నాం. మొదటి బంతి మా చిన్నాన్నదే, కుడి చేత్తో. అది బ్యాటు పట్టుకున్నవాడి తల మీంచి పోయి, వికెట్ల వెనక ఉన్నవాడి తల మీంచి పోయి, తిన్నగా మా బండి చక్రానికి తగిలింది. ఎడ్లు బెదిరాయి. అవతల శ్రీకాకుళం వాళ్ళు కడుపులు పట్టుకుని నవ్వారు. చిన్నాన్న తలొంచుకుని మాస్టారి దగ్గరికి వెళ్ళి ఏదో చెప్పి, బంతి ఎడమ చేతిలోకి తీసుకున్నాడు. ఆ తరువాత అవతల నవ్వు వినపడలేదు. ఒకడు వస్తున్నాడు, ఒకడు పోతున్నాడు. పొడుగాయన కూడా బ్యాటు పట్టుకుని వచ్చి, వికెట్లు ఎగిరిపోతే అటోసారి చూసి వెళ్ళిపోయాడు. అందరూ అరుస్తున్నారు. మేమిద్దరం మాత్రం రోడ్డు వైపు చూస్తున్నాం. రైల్వే ఆయన రాడే! "ఒసే, ఎల్లి ఆడితో కాస్త నెమ్మదిగా ఎయ్యమని సెప్పు. ఆ బాబు ఇంకా రానేదు," అంది నాయనమ్మ. నేను గట్టు మీద పరుగెత్తి చెప్పాను. "ఆ సంగతి బంతికి సెప్పు. నా మాట ఇంటాదేటి?" అన్నాడు చిన్నాన్న.

రైల్వే ఆయన తువ్వాలుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చేసరికి అవతలి జట్టు మొత్తం ఔటైపోయి, చాప మీద మనుషులు లేరు. మావయ్య పొంగిపోయాడు. "సూసేరా బాబూ, మావోడు ఎలాగ ఊడ్సీసేడో!" ఆయన మావయ్య వంక ఒకసారి చూసి, "నేను చూసింది మీ గారెలండీ," అన్నాడు.

భోజనాలయ్యాక పొడుగాయన వంతు. ఉన్నమాట చెప్పాలి, గొప్పగా వేశాడు. రొప్పనూ లేదు, ఎవరి పన్నూ ఊడగొట్టలేదు. రైల్వే ఆయన కుర్చీ ముందుకు లాక్కుని, కదలకుండా చూశాడు. మేం ఎలాగో గెలిచాం. ఊళ్ళో డప్పులు కొట్టారు. చిన్నాన్న మాత్రం ఇంటికొచ్చి పెరట్లో నూతి గట్టు మీద కూలబడ్డాడు. "రేపట్నుంచి మిల్లుకి ఎల్తానులే," అన్నాడు ఎవరితోనో అన్నట్టు.

నాయనమ్మ పైట భుజం నిండా కప్పుకుంది. "లెగు. బంతి అట్టుకో," అంది. నా వైపు చూసి, "నువ్వూ నడు," అంది. స్టేషనుకి వెళ్ళేసరికి ప్లాట్‌ఫారం మీద మావయ్య అరటిగెల పక్కన పెట్టుకుని రైల్వే ఆయన్ని సాగనంపుతున్నాడు. పొడుగాయన, వాళ్ళ జట్టు శ్రీకాకుళానికి ఆమదాలవలసలో దిగాలి కాబట్టి అదే బండి కోసం కూర్చున్నారు. అల్లుణ్ణి చూడగానే నాయనమ్మ స్తంభం చాటుకి వెళ్ళిపోతుందని, నాతో ఏదో కబురు చెప్పిస్తుందని నేను చెవి ఒగ్గి నిలబడ్డాను. ఆవిడ నన్ను దాటుకుని తిన్నగా వెళ్ళి రైల్వే ఆయన ముందు నిలబడింది. "బాబూ, మావోడి సెయ్యి సూడకుండా ఎల్లిపోతావేటి? తిండి దగ్గర కూకోబెట్టినోడు మా అల్లుడు. ఆడి తప్పేటున్నాది?" మావయ్య అరటిగెల వంక చూస్తూ ఉండిపోయాడు. "అమ్మా, బండి వచ్చే వేళైంది," అన్నాడు రైల్వే ఆయన ఇబ్బందిగా.

అప్పుడు పొడుగాయన లేచాడు. "సిగ్నలు ఇంకా పడనేదు సార్. నాను నిలబడతాను," అని జట్టు సామాను కట్టలోంచి బ్యాటు లాగాడు. గూడ్సు షెడ్డు పక్క గట్టి నేల. మంటలార్పడానికి స్టేషన్లో ఇసక పోసి వేలాడదీసే ఎర్ర బక్కెట్టు ఒకటి తెచ్చి వికెట్లకి బదులు పెట్టారు. అంతలో సిగ్నలు పడింది. దూరంగా పొగ కనబడింది. చిన్నాన్న ఒకసారి తల్లి వైపు, ఒకసారి బావ వైపు చూశాడు. చూసి, బంతిని కుడి చేతిలోకి మార్చుకున్నాడు.

"ఒరే," అంది నాయనమ్మ. "ఎడం సేత్తోనే ఎయ్యి. మొదటిదే ఎయ్యి."

"అత్తా..." అన్నాడు మావయ్య. ఆయన ఆవిణ్ణి అలా పిలవగా నేను వినడం అదే మొదలు.

"నువ్వూరుకో అల్లుడూ," అంది ఆవిడ, ఆయన మొహంలోకి చూసే.

బంతి తిన్నగా వచ్చింది, నేల మీద పడి పక్కకి తిరిగింది, బ్యాటుని దాటి బక్కెట్టుకి ఠంగుమని తగిలింది. ఇసక ఒలికిపోయింది. పొడుగాయన బ్యాటు వంక చూసుకుని, "పొద్దున్నా ఇలాటిదే సార్," అని నవ్వాడు. బండి వచ్చి ఆగింది. రైల్వే ఆయన పెట్టె ఎక్కి, తలుపు దగ్గర నిలబడి చిన్నాన్న ఇంటిపేరూ, పేరూ, ఎంతవరకు చదివాడో అడిగాడు. తరువాత మావయ్య వైపు తిరిగి, "అంతసేపు టిఫిను పెట్టారు, మీవాడిది ఎడమ చెయ్యని ఒక్క మాట చెప్పలేదేమండీ? నేను వెతుకుతున్నది అలాంటివాణ్ణే," అన్నాడు. మావయ్య అరటిగెల అందించాడు.

వానలు పడేసరికి వాల్తేరు రమ్మని చిన్నాన్నకి కబురొచ్చింది. వెళ్ళాడు, అక్కడే ఉద్యోగం చేసి, అక్కడే రిటైరయ్యాడు. ఇంట్లో అందరం ఎన్నో ఏళ్ళు ఎడమ చెయ్యి గురించీ, నాయనమ్మ ధైర్యం గురించే చెప్పుకున్నాం. ఆ టీములో చోటు ఒక్కటే కదా, మరి పొడుగాయనకి దక్కలేదన్నమాట. ఆ సాయంత్రం ఆయన కూర్చున్నచోట కూర్చుంటే ఆయనకే దక్కేది. ఆ లెక్క ఆయనకి తెలియదంటావా? బ్యాటు లాగినప్పుడు ఆ మొహం ఎలా ఉందో నేను చూడలేదు, చిన్నాన్న చేతివైపే చూస్తున్నాను. ఏళ్ళు గడిచేకొద్దీ పాత సంగతుల్లో మనుషులు చోట్లు మారుతుంటారు తల్లీ. పక్కన నిలబడ్డవాళ్ళు నెమ్మదిగా మధ్యలోకి వస్తారు, మధ్యలో ఉన్నవాళ్ళేమో...

"అత్తా! అన్నం ఎట్టేసినాను, సల్లారిపోతన్నాది. ఆ గుంటని కూడా లెగమను."

వస్తన్నానే, వస్తన్నాను. మీ అమ్మకి తొందరెక్కువ. రాశావా? మధ్యలో ఉన్నవాళ్ళేమో అని రాసి, అక్కడే ఆపు.