ముప్ఫై ప్రతుల బొమ్మ

మలేషియాలోని క్లాంగ్‌లో ఊదొత్తుల పెట్టెలకు లేబుళ్లు వేసే ప్రెస్సులో కన్నమ్మ పదిహేడో ఏట చేరింది. రాతి పలక మీద జిడ్డు సిరాతో గీసి, తడిపి, రోలరు తిప్పి అచ్చు తీసే పాత విద్యను అక్కడి ముసలి మేస్త్రి సెల్లప్పన్ దగ్గర నేర్చుకుంది. ఆయన పోయాక ఊళ్లో ఆ పని తెలిసింది ఆమె ఒక్కదానికే.

అందుకే చైనా జాతి చిత్రకారుడు ఖూ ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. అప్పటికే ఆయనకు డెబ్భై. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక పారిస్ వెళ్లి, మనిషినీ చెట్టునూ వదిలేసి ఒట్టి చేతి ఊపునే గీసేవాళ్లతో కలిసి తిరిగిన మనిషి. చీపురంత కుంచెతో రాయి మీద నాలుగు దెబ్బలు కొట్టాడు. గచ్చు మీద తారు ఒలికినట్టుంది. ఇందులో ఏముందని కన్నమ్మ మలాయ్‌లో అడిగేసింది.

"జపాను సైనికులు మా వీధి మగవాళ్లను చంపడానికి లారీ ఎక్కించినప్పుడు ఆ మొహాలన్నీ చూశాను," అన్నాడు ఖూ. "తర్వాత మొహం గీయబుద్ధి కాలేదు. చెయ్యి మాత్రం ఊరుకోలేదు."

కన్నమ్మ వారం కష్టపడి ముప్ఫై ప్రతులు తీసింది. ఒక్కోదాని అడుగున ఆయన పెన్సిలుతో అంకె వేసి సంతకం పెట్టాడు. ఆ సాయంత్రమే ఆయన కళ్లెదుట ఇసుకా నీళ్లూ పోసి ఆ రాయిని నూరేసింది. ముప్ఫై ఒకటోది పుట్టకూడదన్నది ఒప్పందం.

ఖూ పోయి చాలా ఏళ్లయింది. నిరుడు కౌలాలంపూర్‌లో గ్యాలరీ పెట్టిన వినోద్‌కుమార్, ఆమెకు వరసకు చెల్లెలి కొడుకు, ప్రారంభం రోజున ఆమెను కారులో తీసుకెళ్లాడు. గోడ మీద అదే నల్ల బొమ్మ. అడుగున అంకె నలభై ఏడు. పక్కన చీటీ: రాతి అచ్చు, కన్నమ్మ, క్లాంగ్.

"పెద్దమ్మా, కెమెరా ముందు రోలరు పట్టుకోని రెండు మాటలు సెప్తే సాలు లా," అన్నాడు, అక్కడి అందరిలాగే మాట చివర 'లా' తగిలించి.

ఆమె సంచిలోంచి భూతద్దం తీసి చూసింది. రాతి గరుకు లేదు. దోమగుడ్లలా రంగు చుక్కలు. కంప్యూటరు అచ్చు. సంతకమూ అంతే.

"ఆ రాయి నానే నూరేసినాను. ఇది దేన్నుంచి తీసినావురా?"

"స్కాన్ సేసినాం. ఎవలకి తెలుస్తాది? అంతా నలుపే కదా లా."

ఒకప్పుడు తను అనుకున్నదీ దాదాపు అదేనని గుర్తొచ్చి, కన్నమ్మకు తన మీద కూడా రోత పుట్టింది. పక్కనే ఆ బొమ్మను బేరమాడుతున్న ఒక ఆవిడ చేతికి భూతద్దం ఇచ్చి, చుక్కలు చూడమంది. ఆవిడ చూసి నవ్వింది. చుక్కలుంటే ఏమిటట, తమ సోఫాకు సరిగ్గా కుదిరిందట.

కన్నమ్మ భూతద్దం వెనక్కి తీసుకుంది. గోడ మీది చీటీని గోటితో పీకేసింది.

"సచ్చిపోయినోడి సెయ్యిని అమ్ముకుంటున్నావు. దీని పక్కన నా పేరుండకూడదు," అని, వినోద్ పిలుస్తున్నా ఆగకుండా రైలెక్కి ఇంటికొచ్చేసింది.

మర్నాటికే పేరు లేని కొత్త చీటీ అతికించారు. బొమ్మలు అమ్ముడవుతూనే ఉన్నాయి.

ఉగాదినాడు తెలుగు సంఘం హాల్లో వినోద్ నలుగురి ముందూ పెద్దమ్మా అంటూ ఆమె కాళ్లకు దండం పెట్టబోయాడు. కన్నమ్మ కాళ్లు కుర్చీ కిందికి లాక్కుంది.

"మీ అమ్మ అటు కూకుంది, ఎల్లు," అంది.