నడుము తిప్పే పని

ఆ ఉదయం చెప్పులు తొడుక్కోవడానికే బొంగరానికి పావుగంట పట్టింది. సిమెంటు గోడౌన్‌లో అతనికి ఆ పేరు పెట్టింది మేస్త్రీ. లారీ దగ్గర అందుకున్న బస్తాను కాళ్లు కదపకుండా, నడుము ఒక్కటే తిప్పి వెనక వరసలో వేసేవాడు. పద్దెనిమిదేళ్లు అలాగే వేశాడు. ఇప్పుడు ఎడమ కాలు తిమ్మిరెక్కి బరువు ఆనడం లేదు.

ఆసుపత్రిలో డాక్టరు ప్లాస్టిక్ వెన్నెముక నమూనా చేతికిచ్చాడు.

"నడుములోని ఈ అయిదు ఎముకలూ వంగుతాయి గానీ పెద్దగా తిరగవు. బరువు మోస్తూ తిప్పితే మధ్యనున్న మెత్తటి బిళ్ల చిట్లుతుంది. తిప్పాల్సింది పాదాలు."

"మళ్లీ బస్తా ఎత్తగలనా సార్?"

"బస్తా సంగతి మర్చిపో. చంటిపిల్లను ఎత్తేటప్పుడు కూడా చూసుకో."

బొంగరం తిన్నగా గోడౌన్‌కే వెళ్లాడు. అతని చోట పొద్దుటి నుంచి బావమరిది పని చేస్తున్నాడు, ఇద్దరు పిల్లల తండ్రి.

"ఒరేయ్, పాదాలు తిప్పరా, నడుము కాదు."

"నీ దగ్గర నేర్చుకున్నదే కదా బావా. బస్తాకు రెండేసి అడుగులు వేస్తూ ఉంటే మేస్త్రీ రేపటి నుంచి నన్నూ రావద్దంటాడు."

కూర్చోలేక బొంగరం గోడకు ఆనుకుని చూశాడు. మధ్యాహ్నానికి బావమరిది రెండు వందల అరవై బస్తాలు వేశాడు, అన్నీ నడుము తిప్పే.