ఒట్టి కాలితో పది గెంతులు

ఆటస్థలంలో ఆ అమ్మాయిని అందరూ టేపమ్మ అంటారు. కాలేజీ రికార్డుల్లో వేరే పేరుంది గానీ, హాజరు పిలిచే లెక్చరర్ తప్ప దాన్ని వాడేవాళ్లు లేరు. ఆటగాళ్ల గాయాలు చూసుకునే కోర్సులో ఆమెది మూడో ఏడు. ఆ ఏడు పుస్తకాలు పక్కనపెట్టి, ఏదో ఒక జట్టు దగ్గర నూట ఇరవై గంటలు పనిచేయాలి. ఆమెకు అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టు పడింది.

పని జరిగే గది గ్యాలరీ మెట్ల కింద ఉంటుంది. పైకప్పు వాలుగా దిగుతుంది కాబట్టి నిటారుగా నిలబడాలంటే గుమ్మం దగ్గరే నిలబడాలి. బల్ల మాత్రం లోపలి మూల ఉంది. రోజుకు పాతిక కాళ్లు, నడుం వంచి. ముందు జిగురు స్ప్రే, తర్వాత పలచటి స్పాంజి పట్టీ, దానిమీద టేపు: మడమ కింద నుంచి పైకి మూడు పట్టీలు, మడమ చుట్టూ రెండు మెలికలు, పైన మూత. టేపును కత్తెరతో కాకుండా వేళ్లతో చింపాలి, అప్పుడే పని తెమిలేది. రెండో వారానికల్లా ఆమె బొటనవేళ్ల తోలు లేచిపోయింది.

కాలేజీవాళ్లు ఒక నోటుపుస్తకం ఇచ్చారు. ప్రతి పేజీలో ‘ఈ వారం నేర్చుకున్నది’ అని ఒక గడి. మొదటి వారం ఆ గడిలో ‘నిలబడటం’ అని రాసింది. ప్రొఫెసర్ ఎర్రసిరాతో ‘వివరించండి’ అన్నారు. రెండో వారం ‘చాలాసేపు నిలబడటం’ అని వివరించింది. తోటి విద్యార్థులు సేవాభావం, జట్టు స్ఫూర్తి లాంటి మాటలు నింపి మంచి మార్కులు తెచ్చుకున్నారు. సేవాభావం ఉన్నవాళ్లకు నడుం నొప్పి రాదేమో ఆమెకు తెలియదు. ఆమెకైతే వచ్చింది.

ఇంట్లో అభ్యాసానికి దొరికింది నాన్న కాలే. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. సాయంత్రం టీవీ ముందు కూర్చుని కాలు కూతురికి అప్పగించేవాడు. టేపు పీకినప్పుడల్లా వెంట్రుకలు ఊడి, చీలమండ నున్నగా అద్దంలా తయారైంది.

“ఆ మనిషి ఇప్పుడు ఏ మ్యాచ్ ఆడాలటే?” అనేది అమ్మ.

“నువ్వూరుకో. రెండు నిమిషాల నలభై సెకన్లు పట్టింది. నిన్న మూడు దాటింది,” అని గడియారం చూసి చెప్పేవాడు నాన్న.

జట్టుకు అసలు ఫిజియో ఒకావిడ ఉంది. అందరికీ పెద్ద ఫిజియో. ఇరవై ఏళ్లుగా అదే గది, అదే వాలు కప్పు. మెచ్చుకోలు ఆవిడకు చేతకాదు. మొదటిరోజే ఒక్క మాట చెప్పింది: “కాలు బెణికినదాన్ని ముందు ఒట్టి కాలితో, ఆ ఒక్క కాలిమీదే పదిసార్లు గెంతించు. తర్వాతే టేపు. తిరగేశావో, నీకు కాలు కనపడదు.”

జట్టులో పిడుగు అనే అమ్మాయి ముందువరసలో ఆడుతుంది. తొమ్మిది రోజుల కిందట కుడికాలు బెణికింది. పైజట్టుకు ఆటగాళ్లను ఎంచడానికి మనుషులు వచ్చేది ఈ ఒక్క మ్యాచ్‌కే. వయసు ఇరవై మూడు దాటితే తీసుకోరు. పిడుగుకు ఇంకో నెలలో దాటుతుంది.

మ్యాచ్ రోజు పొద్దున గుమ్మం దాకా వరస. పెద్ద ఫిజియో గోల్‌కీపర్ భుజం పట్టుకుని బయట కూర్చుంది. పిడుగు వంతు వచ్చేసరికి టేపమ్మకు ముందే నడుం పడిపోయింది. చేతులు మాత్రం వాటంతట అవే నడుస్తున్నాయి. జిగురు, స్పాంజి, టేపు. మూత వేశాక గుర్తొచ్చింది.

“అక్కా, ఒక్కసారి గెంతవూ?”

పిడుగు పదిసార్లు గెంతింది. పదకొండోది సరదాకి. “చూశావా, పెళ్లికూతురి కాలులా కట్టావు! ఇక నన్నెవరాపుతారు?” అంటూ బూటు వేసుకుని పోయింది. టేపమ్మ కాగితం మీద ‘పది గెంతులు, నొప్పి లేదు, ఆడవచ్చు’ అని రాసింది. పెద్ద ఫిజియో భుజం వదలకుండానే దాని కింద సంతకం గీకింది.

అందరూ వెళ్లాక, నేలమీది టేపు ముక్కలు ఊడుస్తుంటే టేపమ్మ చేయి ఆగిపోయింది. తను చూసింది టేపును. కాలును చూడలేదు.

ఎవరికీ తెలియదు. చెబితే నూట ఇరవై గంటలూ మళ్లీ మొదటినుంచి చేయమనవచ్చు. చెప్పకపోతే పిడుగు ఆడుతుంది, బహుశా బాగానే ఆడుతుంది. ఆ ‘బహుశా’ దగ్గర ఆమె చీపురు పట్టుకుని కాసేపు నిలబడిపోయింది. మనస్సాక్షి మేల్కొందని చెప్పలేం. అంత ఓపిక మిగల్లేదు. ఆట తొంభై నిమిషాలూ గీత అవతల నిలబడి ఆ కాలినే చూస్తూ ఉండాలన్న ఆలోచనే భరించలేకపోయింది.

పెద్ద ఫిజియోకు చెప్పింది. ఆవిడ కళ్లద్దాలు తుడుచుకుంది.

“ఆట మొదలవడానికి ఎంత టైముంది?”

“నలభై నిమిషాలు, మేడమ్. మీరు కూడా వస్తారా?”

“రాను. నేనొస్తే నేను చెప్పినట్టుంటుంది. రాసింది నువ్వు. చదవకుండా సంతకం పెట్టినదానికి నా తిట్లు నేను తర్వాత తింటాను. నువ్వు నడు.”

కోచ్ మైదానం అంచున ఉన్నాడు. మాట వినగానే ఆయన ముఖం మాడిపోయింది.

“టేపుతోనే కదా ఆడేది? టేపుతో గెంతితే వచ్చిన నష్టమేంటి?”

“ఇరవై నిమిషాలకు చెమటకి సడలుతుంది సార్. ఆ తర్వాత ఆడేది ఒట్టి కాలే.”

“ఈ సంగతి పొద్దున తెలియదా?”

“తెలుసు.”

“మరి?”

“తొందరలో చేశాను సార్.”

ఆయన పిడుగును కేక వేశాడు.

గదిలో కత్తెర టేపులోకి దిగుతుంటే పిడుగు కప్పు వైపు చూస్తూ కూర్చుంది. “తప్పు దిద్దుకోవడానికి నా కాలే దొరికిందా నీకు? ఆ కత్తెర కాస్త మెల్లిగా.”

బూటు లేదు, మేజోడు లేదు. ఒకటి, రెండు, మూడు. నాలుగో గెంతుకు చేయి గోడకు ఆనింది.

“గోడ దగ్గరుంది కాబట్టి పట్టుకున్నా.”

“ఇటు నడిమధ్యకు రా, అక్కా.”

నడిమధ్య రెండు గెంతాక పిడుగు కూర్చుండిపోయింది. పడలేదు. కూర్చోవాలనుకున్నదానిలాగే కూర్చుంది. “నువ్వు చూడకపోతే పదీ గెంతేదాన్ని,” అంది.

పిడుగు చోటులో రెండో ఏడు చదివే ఒక అమ్మాయి ఆడింది. మరీ బాగా ఆడలేదు, మరీ చెడ్డగానూ ఆడలేదు. ఎంపికకు వచ్చిన ఇద్దరూ సగం ఆటకే ఫైలు మూసి ఫోన్లు చూసుకున్నారు. జరగని గాయానికి సాక్ష్యం ఉండదు. పిడుగు ఆడి ఉంటే ఆ కాలు చెక్కుచెదరకుండా ఉండేదేమో, రెండు గోల్స్ కొట్టేదేమో. గాయాన్ని ఆపినవాళ్ల చేతికి రుజువేమీ మిగలదు. ఎదుటివాళ్ల కోపం మాత్రం మిగులుతుంది. ఈ ముక్క కోర్సు పుస్తకాల్లో ఎక్కడా లేదు.

ఆట అయ్యాక అందరూ బస్సెక్కడానికి వెళ్లారు. పిడుగు ఇంకా బెంచీ మీదే ఉంది. టేపమ్మ పక్కన నిలబడింది.

“మళ్లీ ఎంపిక ఎప్పుడో కనుక్కున్నావా?” అడిగింది పిడుగు.

“వచ్చే ఏడు.”

“అప్పటికి నా వయసెంతో?”

“దాటిపోతుంది, అక్కా.”

“నాకు తెలుసు. నీకు తెలుసో లేదోనని అడిగా.”

క్షమించమని అడిగితే తన బరువు దిగుతుందేమో గానీ, ఆ అమ్మాయికి ఒరిగేదేమీ లేదు. అందుకే అడగలేదు.

కాసేపటికి పిడుగు కాలు చాపింది. “వాచింది. ఐసు తే.”

టేపమ్మ సంచీలో ఐసు నింపి తెచ్చింది. నేలమీద కూర్చుని, చీలమండ చుట్టూ అదిమి పట్టుకుంది. పిడుగు ఆమె వైపు చూడలేదు. కాలు మాత్రం వెనక్కి తీసుకోలేదు. నీళ్లు కారి టేపమ్మ మోచేతి దాకా తడిసింది, వేళ్లు మొద్దుబారాయి. ఇరవై నిమిషాలు పూర్తయ్యేదాకా చేయి తీయలేదు.