ఎదురింటి మంచం

మా చెల్లెలి కూతురు ఉద్యోగం మీద జర్మనీ పోయి నెల తిరగక ముందే, మొన్న ఆదివారం ఫోన్లో తన కొత్త ఇల్లంతా తిప్పి చూపించింది. మంచం, సోఫా, బట్టల బీరువా అన్నీ అట్టపెట్టెల్లో పలకలు పలకలుగా వస్తే, కాగితం మీది బొమ్మలు చూసుకుంటూ తనే మరలు బిగించుకుందట. పిల్ల గట్టిదే, దిష్టి తగలకుండా ఉండాలి. చూపించడం అయ్యాక, పెద్దమ్మా, నువ్వు కువైట్ పోయినప్పుడు ఇల్లు ఎట్ల సర్దుకున్నావని అడిగింది. అడగడమైతే అడిగింది గానీ వినే తీరిక దానికెక్కడిది, ఇంకెవరో ఫోన్ చేస్తున్నారని పెట్టేసింది. నోటి దాకా వచ్చిన మాట వెనక్కి పోదు కదా, అందుకని మీతో చెప్పుకుంటున్నాను.

మా ఆయన ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో కరెంటు పని చేస్తూ చేస్తూ, ఎవరో దారి చూపిస్తే కువైట్ పోయాడు. అక్కడ ఒకే గదిలో నలుగురైదుగురితో ఏళ్ళు గడిపి, కాస్త పెద్ద పని చేతికొచ్చాక నాకు వీసా తీయించి, మా ఇద్దరికీ వేరే ఫ్లాటు అద్దెకు తీసుకున్నాడు. నేనా, కమలాపురం దాటితే కడప, కడప దాటితే ఒకసారి శ్రీశైలం, అంతకుమించి లోకం చూసినదాన్ని కాదు.

మా కమలాపురం ఇంట్లో సామాను కొనడం అనే ముచ్చటే లేదు. నేల కడప బండ, వంటింటి అరలూ గోడలోకి దిగ్గొట్టిన కడప బండలే, దీపానికి గూడు, ఉప్పుకూ పసుపుకూ ఇంకో గూడు, బట్టలకు మూల నుంచి మూలకు దండెం. ఇల్లు కట్టినప్పుడే కొలిమిలో ఇనుము అతికినట్టు అన్నీ గోడలకు అతుక్కుని ఉండేవి కాబట్టి ఇల్లంటే అంతే అనుకున్నాను. అందుకే ఆ ఫ్లాటులో అడుగుపెట్టి, నాలుగు వైపులా నున్నటి తెల్లగోడలు చూసి, నేను మొట్టమొదట అడిగిన మాట, "గూళ్ళు యాడుండాయి?" అని. మా ఆయన పడీపడీ నవ్వాడు. నవ్వాడే కానీ, ఆయనకూ కొనే తాహతు లేదప్పుడు, ఉన్నదంతా నా టిక్కెట్టుకూ ఆ ఫ్లాటు బయానాకూ పోయింది. మేకు కొడదామంటే ఇంటివాడు ఒప్పుకోడు. నారింజపళ్ళ పెట్టెలు తెచ్చి ఒకదాని మీద ఒకటి పెట్టుకుంటే అదే బీరువా, నా సూట్‌కేసు పడుకోబెడితే అదే బల్ల, తెచ్చుకున్న జంపఖానా పరిస్తే అదే పడక.

సామాను లేదని నాకేమీ దిగులు లేదు, సత్యంగా చెబుతున్నాను. మనిషి లేని దిగులే పట్టుకుంది. ఆయన తెల్లారక ముందే కంపెనీ బస్సెక్కితే మళ్ళీ పొద్దుగూకాకే రావడం. మధ్యలో మాట్లాడే ప్రాణి లేదు, నేను దగ్గితే ఆ ఖాళీ గదులు తిరిగి దగ్గేవి. ఎదురుగా ఒక తలుపు ఉండేది, అదెప్పుడూ మూసే ఉండేది. కొన్నాళ్ళు చూసి చూసి, ఇంక నా వల్ల కాదు, రంజాన్ నెల దాటేదాకా చూస్తా, అప్పటికీ మనసు కుదరకపోతే నన్ను ఊరికి పంపించెయ్యి అని ఖరాఖండిగా చెప్పేశాను. ఆయన సరేనన్నాడు. నన్ను పంపిస్తే ఫ్లాటు వదిలేసి ఆ ఇరుకు గదికే తిరిగి పోవాలి, ఇంక మేమిద్దరం కలిసి బతకడమనేది సెలవుల్లోనే. ఆ సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అన్నం దగ్గర మాత్రం ఇద్దరం తలలు వంచుకుని తినేవాళ్ళం.

ఇట్లా ఉండగా ఒకరోజు పొద్దున ఎదురు తలుపు తెరుచుకుంది. ఇద్దరు మనుషులు లోపలి నుంచి ఒక మంచాన్నీ, దాని వెనకే పరుపునూ మోసుకుపోయి, కింద చెత్తడబ్బాల పక్కన పడేశారు. కిటికీలోంచి అంతా చూశాను. మా వైపు మనిషి పోతే తప్ప పరుపు వీధిలోకి రాదు. అయ్యో, తలుపుకు తలుపు ఎదురుగా ఉండి, ఒక ఏడుపైనా వినబడలేదే, ఎవరు పోయారో ఏమో అని ఆ పూటంతా పొయ్యి వెలిగించలేదు.

సాయంత్రం మా ఆయన ఇంకొకతణ్ణి సాయం పట్టుకుని, బోలెడంత సంబరంగా అదే మంచాన్ని మెట్ల మీదుగా మోసుకొచ్చాడు చూడండి! గడపకు అడ్డంగా నిలబడి చేతులు చాపేశాను.

"సచ్చినోళ్ళ మంచం నా ఇంట్లేకి తెస్తాండావా?"

"ఎవురూ సావలేదు మ్మే! ఈడ ఇట్లనే పారేస్తారు. శానా మంచి మంచం, చూడు!"

"నువ్వు చూసొచ్చినావా సావలేదని?"

నేను కదల్లేదు. చివరికి మంచం తలుపు బయట వసారాలో గోడకు ఆని నిలబడింది, మేము జంపఖానా మీదే పడుకున్నాం. ఆయన అటు తిరిగి పడుకుని, ఇది ఉంటే అయినా నీకు ఇల్లులా అనిపిస్తుందనుకున్నాను అని గోడతో అన్నాడు. నాకు జాలేసింది, అయినా మంచాన్ని మాత్రం రానివ్వలేదు.

మరుసటి రోజు పలకరించి రాకపోతే మనిషి పుట్టుక ఎందుకని పోయి ఎదురు తలుపు కొట్టాను. నా ఈడు ఆడమనిషే తీసింది. కరాచీ ఆమె అని తర్వాత తెలిసింది. పలకరింపుకు పోయినవాళ్ళు నవ్వుతూ బాగున్నారా అనకూడదు కదా, అందుకని ఏమీ అనకుండా లోపలికి పోయి గోడ వారగా నేల మీద కూర్చున్నాను. ఆమె బిత్తరపోయి చూస్తోంది. మా ఊర్లో గోడ పక్కింటి సాయిబుల ఖాలా దగ్గర చిన్నప్పటి నుంచి నేర్చిన ఉర్దూ ఉంది కదా నాకు, ఎవరు పోయారమ్మా అని అడిగాను. ఆమెకు ముందు నా ఉర్దూ అర్థం కాలేదు. అర్థమయ్యాక, ఎవరూ పోలేదు, కొత్త మంచం వచ్చింది, పాతది తీసేశాం అని పగలబడి నవ్వింది. సిగ్గుతో నా తల నేలకు దిగిపోయింది.

లేచి వచ్చేద్దామని చూసేసరికి ఆమె నవ్వు ఆగిపోయి ఉంది. వచ్చి నా పక్కనే నేల మీద కూర్చుంది. వాళ్ళమ్మ పోయి కొన్ని నెలలైందట. నిండు గర్భిణి అని విమానం ఎక్కనివ్వలేదట, ఆ తర్వాత బిడ్డ కూడా దక్కలేదట. ఇంత పెద్ద బిల్డింగులో ఒక్కరూ వచ్చి, ఎవరు పోయారని అడిగిన పాపాన పోలేదు, నువ్వే అడిగావు అని నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆమె కోసం కొంత, నా కోసం చాలా. ఆ తర్వాత ఆమె టీ పెట్టి, మంచం బాగానే ఉందని, కాలు ఒకటి కిర్రుమంటుంది కాబట్టి కింద గుడ్డ పెట్టుకోమని చెప్పింది.

ఆ సాయంత్రం మంచం లోపలికి వచ్చింది. కిర్రుమనే కాలి కింద గుడ్డ పెట్టుకున్నాం. రంజాన్ నెల వచ్చింది, దాటింది, టిక్కెట్టు మాట మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. బీరువా, కుర్చీలు, ఫ్రిజ్జు, అన్నీ ఒక్కొక్కటే శుక్రవారం సంతలో ఆమె బేరమాడి ఇప్పించినవే. నా ఉర్దూ విని ఆమె నవ్వడం మాత్రం చివరిదాకా మానలేదు. ఆమె వాళ్ళ దేశం వెళ్ళిపోయాక కొన్నాళ్ళు ఫోన్లు నడిచాయి, ఆ పైన నంబర్లు మారిపోయాయి.

ఇప్పుడు కడపలో మేముండేదీ ఫ్లాటే. గోడల్లో గూళ్ళు ఇక్కడా లేవు, నేను అడగనూ లేదు. పండగ తగ్గింపులు పెట్టినప్పుడల్లా ఎవరో ఒకరు పాత పరుపు లిఫ్టులో దించి గేటు దగ్గర పడేస్తుంటారు, ఎవరూ తలెత్తి చూడరు. పోయిన నెల మా ఎదురు ఫ్లాటు వాళ్ళూ దించారు. వాళ్ళ పేర్లు నాకు తెలియవు. ఎవరూ పోలేదని మాత్రం నాకు బాగా తెలుసు. అందుకే పలకరించడానికి నేనూ పోలేదు.

అయినా, ఆ తలుపు వెనక ఎవరికి ఎవరు పోయారో, అడగనిదే నాకెట్లా తెలుస్తుంది?